పెళ్లి క్యాసెట్టును తూకానికి వేయకండి

కొన్ని నెలలుగా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. మా వీడియో మిక్సింగ్ గదికి వచ్చినవాళ్లలో కనీసం పది మంది దాన్ని నాకు చూపించి, "ఇది నిజమేనా అన్నా?" అని అడిగారు. అందులో చెప్పింది ఇది: బ్లూరే, హెచ్‌డీ డీవీడీ అనే రెండు రకాల డిస్కులు పోటీపడితే బొమ్మ బాగుంది కాబట్టి బ్లూరే గెలిచింది. ఓడిన డిస్కులు కొన్నవాళ్ల సొమ్ము ఒక్క రోజులో మట్టిపాలైంది. గెలిచిన బ్లూరేకు కూడా ఇప్పుడు పనిలేదు, ఓటీటీలో వచ్చే 4కె దానితో సమానం. పాత డీవీడీలు కొత్త టీవీలకు పనికిరావు, ఎలాగూ చెడిపోతాయి. కాబట్టి ఇంట్లో ఉన్న డిస్కులన్నీ పాత సామాన్లు కొనేవాళ్లకు ఇచ్చేయండి, కావలసినవి ఫోనులో ఉంచుకోండి.

మొదటి మాటలు సినిమా డిస్కులు కొనుక్కునేవాళ్ల గొడవ అని ఊరుకోవచ్చు. చివరి మాట విని ఊరుకోలేను. కిందటి నెల ప్రకాశం బజారు దగ్గర పాత ఇనుము, అట్టపెట్టెలు కొనే బండి ఆగి ఉంది. బండి మీద తెల్లటి ప్లాస్టిక్ సంచి, దాని నిండా డిస్కులు. పైన ఉన్న డిస్కు మీద నల్ల స్కెచ్ పెన్నుతో పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, కింద "పార్ట్ 2" అని రాసి ఉంది. ఆ చేతిరాత నాది. 2008లో నేను తీసిన పెళ్లి అది. బండివాడు అడిగినంత ఇచ్చి ఆ సంచి వెనక్కి తెచ్చుకున్నాను. ఈ సందేశానికి వరసగా జవాబు చెప్పాలని ఆ సాయంత్రమే అనుకున్నాను.

బొమ్మ బాగుంది కాబట్టి బ్లూరే గెలిచిందన్న మాట నుంచి మొదలుపెడతాను. ఆ రెండు డిస్కుల్లో బొమ్మ ఒకటే. రెండింటినీ చదివేది 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరు. రెండింటి బొమ్మ కొలత 1920×1080. బొమ్మను కుదించి నింపే పద్ధతులు కూడా రెండింటికీ అవే మూడు. వార్నర్ సంస్థ చాలా సినిమాలను ఒకసారి కుదించి, అదే ఫైలును రెండు రకాల డిస్కుల మీదా వేసి అమ్మింది. అలాంటప్పుడు ఏ డిస్కులో బొమ్మ బాగుందని అడుగుతాం?

తేడా ఉన్నది డిస్కు నిర్మాణంలో. బ్లూరేలో సమాచారం ఉండే పొర కింది ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. లేజరు బిందువు బాగా సన్నగా పడుతుంది కాబట్టి ఒక పొరలో 25 జీబీ పడుతుంది. హెచ్‌డీ డీవీడీలో ఆ పొర మామూలు డీవీడీలో లాగే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. ఒక పొరలో 15 జీబీయే పడుతుంది కానీ, పాత డీవీడీ యంత్రాలనే కొద్దిగా మార్చి డిస్కులు చేసుకోవచ్చు. ఒకదానికి చోటు ఎక్కువ, ఇంకొకదానికి ఖర్చు తక్కువ. అంతే.

తీర్పు చెప్పింది మాత్రం ఎవరి వెనుక ఎవరు నిలబడ్డారన్న లెక్క. 2006 నవంబరులో, బ్లూరే వెనుక ఉన్న సోనీ తన ప్లేస్టేషన్ 3 ఆటల యంత్రంలోనే బ్లూరే డ్రైవు పెట్టింది. డిస్కుల కోసం వెతకని ఇళ్లలోకి కూడా బ్లూరే అలా చేరిపోయింది. సినిమా సంస్థలు రెండుగా చీలాయి. 2007 ఆగస్టులో పారమౌంట్ హెచ్‌డీ డీవీడీ వైపు వెళ్లింది. 2008 జనవరి 4న వార్నర్ ఇకపై బ్లూరే ఒక్కటే అని ప్రకటించింది. ఫిబ్రవరిలో వాల్‌మార్ట్ లాంటి పెద్ద దుకాణాలు కూడా అటే మొగ్గాయి. హెచ్‌డీ డీవీడీని ముందుండి నడిపిన తోషిబా ఫిబ్రవరి 19న దాన్ని వదిలేసింది. జనవరి 4కూ ఫిబ్రవరి 19కీ మధ్య ఏ డిస్కులోనూ బొమ్మ మారలేదు.

పైగా కొనేవాళ్లకు మేలు చేసే సంగతులు కొన్ని ఓడిన డిస్కులోనే ఉన్నాయి. హెచ్‌డీ డీవీడీకి రీజియన్ అడ్డుగోడలు లేవు. బ్లూరే ప్రపంచాన్ని ఎ, బి, సి అని మూడు ముక్కలు చేసింది. అమెరికా ఎ, మనం సి. మన జిల్లాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేమీ కాదు. అక్కడ ముచ్చటపడి కొన్న బ్లూరే సినిమా రీజియన్ ఎకి కట్టేసిందైతే, ఇక్కడి ప్లేయరు దాన్ని ముట్టుకోదు. డబ్బిచ్చి కొన్న డిస్కును సొంత ఇంట్లో చూసుకోలేకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. తొలినాటి బ్లూరే ప్లేయర్లు కొన్నవాళ్ల సంగతి కూడా చెప్పాలి. 2006లో అమెరికాలో మొదటి ప్లేయరుకు 1000 డాలర్ల దాకా పెట్టారు. తర్వాత వచ్చిన డిస్కుల్లోని కొత్త సదుపాయాలు ఆ యంత్రాల్లో పనిచేయలేదు. హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లలో అవన్నీ మొదటి రోజు నుంచే తప్పనిసరి. గెలిచిన వైపు నిలబడ్డవాళ్లు కూడా నష్టపోయారని ఆ సందేశం రాసినవాళ్లకు తెలియదు.

ఓడిన డిస్కులు ఒక్క రోజులో మట్టిపాలయ్యాయన్నది సగం నిజం కూడా కాదు. తోషిబా ప్రకటించిన మర్నాడు ఆ ప్లేయర్లు ఆగిపోలేదు. చెడిపోకుండా మిగిలినవి ఈ రోజుకూ ఆ డిస్కులను ఆడిస్తాయి, మామూలు డీవీడీలను కూడా ఆడిస్తాయి. అమెరికాలో బెస్ట్ బై దుకాణాలు ఆ ప్లేయరు కొన్నవాళ్లకు 50 డాలర్ల గిఫ్ట్ కార్డులు ఇచ్చాయి. వార్నర్ 2009లో తన హెచ్‌డీ డీవీడీ అట్ట పంపితే 4.95 డాలర్లకు, పంపే ఖర్చు అదనంగా, అదే సినిమా బ్లూరే ఇచ్చింది. కొత్త సినిమాలు రాకపోవడం, యంత్రం చెడితే మరొకటి దొరకకపోవడం వాళ్ల అసలు కష్టం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన పెళ్లి క్యాసెట్లకు వచ్చిన కష్టమూ ఇదే.

ఆ డిస్కుల పోటీ జరిగిన రోజుల్లో మన ఇళ్లలో ఉన్నవి వీసీడీ ప్లేయర్లు. మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మిన కాలం అది. హెచ్‌డీ డీవీడీ ఓటమిలో పోగొట్టుకోవడానికి మన చేతిలో ఏమీ లేదు. మనం పోగొట్టుకుంటున్నది వేరే. 2005 నుంచి పదేళ్ల పాటు ఈ జిల్లాల్లో తీసిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు చాలావరకు మినీ డీవీ అనే చిన్న కెమెరా క్యాసెట్ల మీద ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి దించాలంటే ఆ రకం కెమెరా కావాలి, ఆ కెమెరాను కంప్యూటరుకు కలిపే ఫైర్‌వైర్ పోర్టు కావాలి. కొత్త ల్యాప్‌టాపుల్లో ఆ పోర్టు లేదు. ఆ క్యాసెట్ల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని కూడా అదే నెలలో ఆపింది.

ఇక ఓటీటీ 4కె. బొమ్మను కట్టే అడ్డగీతల లెక్కలో అది బ్లూరే కంటే ఎక్కువే, ఒప్పుకుంటాను. బొమ్మకు గీతలు ఒక్కటే ప్రాణం కాదు, సెకనుకు ఎంత సమాచారం వస్తోందన్నది కూడా చూడాలి. నెట్‌ఫ్లిక్స్ 4కె చూడటానికి 15 ఎంబీపీఎస్ (సెకనుకు 15 మెగాబిట్లు) వేగం ఉంటే చాలంటుంది. మామూలు బ్లూరేలో బొమ్మకే 40 దాకా కేటాయింపు ఉంది. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో, బొమ్మా ధ్వనీ కలిపి, మొత్తం 100 దాటగలదు. చీకటి సన్నివేశాల్లో గోడ మీది నీడ మెట్లు మెట్లుగా విడిపోవడం మీరు చూసే ఉంటారు, అది సమాచారం చాలకపోవడం వల్ల వచ్చేదే. అయితే 43 అంగుళాల టీవీని పది అడుగుల దూరం నుంచి చూసే ఇంట్లో ఈ తేడా పెద్దగా తెలియదు. అందుకే సినిమాల కోసం కొత్తగా డిస్కు ప్లేయరు కొనమని నేను ఎవరికీ చెప్పను. ఎల్‌జీ 2024లో వాటి తయారీ ఆపింది, రేపు రిపేరు కష్టం. ఒక్కటి మాత్రం చెబుతాను. ఓటీటీలో "కొన్నాం" అనుకున్న సినిమా మీ చేతిలో లేదు. 2022లో సోనీ ప్లేస్టేషన్ దుకాణంలో జర్మనీ, ఆస్ట్రియా వాళ్లు డబ్బు కట్టి కొన్న వందల సినిమాలు, ఒప్పందం ముగిసిందని వాళ్ల ఖాతాల్లోంచి తీసేశారు. బీరువాలో ఉన్న డిస్కును అలా తీసేయడం ఎవరి వల్లా కాదు.

పాత డీవీడీలు కొత్త టీవీకి పనికిరావన్న మాట దగ్గర నాకు కోపం వస్తుంది. మన డీవీడీ బొమ్మ 720×576. హెచ్‌డీలో ఉండే చుక్కల్లో సరిగ్గా అయిదో వంతు. పెద్ద టీవీలో కొంచెం మెత్తగా కనిపిస్తుంది, నిజమే. కానీ మీ నాన్న మీ అమ్మకు తలంబ్రాలు పోస్తూ నవ్విన నవ్వు ఆ చుక్కల్లోనే ఉంది. అది ఇంకెక్కడా లేదు, ఏ ఓటీటీలోనూ దొరకదు. దీన్నే అడ్డం పెట్టుకుని కొందరు "పాత క్యాసెట్టును బ్లూరే చేసి హెచ్‌డీ ఇస్తాం" అని వేలు గుంజుతున్నారు. అది కూడా నమ్మకండి. తీసినప్పుడు లేని చుక్కలు ఏ డిస్కు మీద వేసినా పుట్టవు. చిన్న చెంబులోని పాలను పెద్ద బిందెలో పోస్తే పాలు పెరగవు.

ఎలాగూ చెడిపోతాయన్న మాటలో మాత్రం నిజం ఉంది, అందుకే ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను. సినిమా డిస్కులు అచ్చులో ఒత్తినవి. మన పెళ్లి డిస్కులు కంప్యూటరులో రాసినవి. రాసే సీడీ, డీవీడీల్లో సమాచారం ఉండేది రంగుపొరలో. ఎండ, వేడి, తేమ ఆ రంగుకు శత్రువులు. మేలో 45 డిగ్రీలు చూసే నల్లగొండలో డాబా మీది రేకుల గదిలో పాత పెట్టెలో పెడితే, అవి అక్కడ ఉడికిపోతాయి. కింది వైపు గీతలు చూసి మనం భయపడతాం కానీ, సీడీకి, వీసీడీకి అసలు ప్రమాదం పై వైపు. సమాచారపు పొర పేరు రాసే వైపు చర్మం కిందనే ఉంటుంది. బాల్ పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన స్టిక్కరు పీకినా పొర లేచిపోతుంది. డీవీడీలో అది రెండు పలకల మధ్య భద్రంగా ఉంటుంది. మురికి పడితే మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పకండి. మన బోరు నీళ్లతో అసలు కడగకండి, ఆరాక తెల్లటి మరకలు కడతాయి.

చెడిపోతాయి కాబట్టి పారేయాలన్నది మాత్రం తలకిందుల తర్కం. చెడిపోతాయి కాబట్టే ఇప్పుడే దించుకోవాలి. పెళ్లి డీవీడీలకు కాపీ చేసుకోనివ్వని తాళాలేమీ ఉండవు. డ్రైవు ఉన్న ఏ కంప్యూటరులోనైనా డిస్కు తెరిచి "వీడియో టీఎస్" (VIDEO_TS) అనే ఫోల్డరును ఉన్నది ఉన్నట్టుగా కాపీ చేసుకుంటే చాలు. ఒక పెళ్లికి మూడు మామూలు డిస్కులున్నా సుమారు 14 జీబీయే, 32 జీబీ పెన్‌డ్రైవులో పడుతుంది. మధ్యలో ఆగిపోతే ఆశ వదులుకోకండి. ఒక డ్రైవు చదవలేని డిస్కును ఇంకో డ్రైవు చదవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. ఫోను ఒక్కదానిలో ఉంచుకుంటే అది పోయిన రోజున పెళ్లీ పోతుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది బొమ్మను నలిపి పంపుతుంది. ఒక కాపీ మీ ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఇంట్లోనో కూతురి ఇంట్లోనో ఉంచండి. అమెరికాకు పంపాలంటే ఎంపీ4 ఫైలు చేసి పంపండి, మన టీవీ పద్ధతిలో (పాల్) రాసిన డీవీడీని అక్కడి ప్లేయర్లు చాలావరకు ఆడించవు.

ఆ తెల్ల సంచి సంగతి. పాత రిజిస్టరు వెతికి ఆ ఇంటికి ఫోను చేశాను. పెళ్లికూతురి తల్లి మర్నాడే వచ్చింది. సందేశం చూసి మనవడు ఇల్లు సర్దుతూ ఇచ్చేశాడట. సంచి ఒళ్లో పెట్టుకుని ఒక్కో డిస్కూ తీసి చూసింది. పార్ట్ 2 ఉంది, పార్ట్ 3 ఉంది. పార్ట్ 1 లేదు. ముహూర్తం, కన్యాదానం ఉన్నది అందులోనే. "మా ఆయన కాళ్లు కడిగింది అందులోనే కదా బిడ్డా" అంది. ఆ పెళ్లిని తీసిన అసలు క్యాసెట్ల మీద నేను ఎప్పుడో వేరే పెళ్లి తీసేశాను. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్లం.

వారం తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. జడ్చర్లలో ఉన్న ఆమె అక్క కోసం అప్పట్లో నేనే ఒక వీసీడీ కాపీ చేసి ఇచ్చానట, నాకు గుర్తు లేదు. డీవీడీలో నాలుగో వంతు బొమ్మ ఉండే డిస్కు. పై వైపు స్టిక్కరు సగం చిరిగి ఉంది. నా మొదటి డ్రైవు దాన్ని పట్టించుకోలేదు. పాత కంప్యూటరులోని రెండో డ్రైవు గరగరమని తిరిగి, ఆగి, మళ్లీ తిరిగింది. ముప్పై ఒక్క నిమిషాలు వచ్చాయి. కాళ్లు కడిగే భాగం ఇరవై ఆరో నిమిషంలో ఉంది.