ఇద్దరు క్రీడాకారుల జట్టు, దాని వెనుక ఒక కెప్టెన్

పతకం గెలిచినవారికి ఊరేగింపులు, వారిని పోటీ దాకా చేర్చినవారికి మొండిచెయ్యి. క్రీడా చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఇవాళ స్వెటోమిర్ జుకిచ్ గురించి రాయాలనిపించింది అందుకే.

ఆయన 1882లో పుట్టిన సెర్బియా సైనికాధికారి. 1910 ఫిబ్రవరిలో బెల్‌గ్రేడ్‌లో సెర్బియన్ ఒలింపిక్ క్లబ్ ఆయన చొరవతోనే పుట్టింది. అప్పటికి ఆయన కెప్టెన్ మాత్రమే. పొరుగునున్న ఆస్ట్రియా-హంగరీ బోస్నియాను కలిపేసుకుని రెండేళ్లైనా కాలేదు. రేపో మాపో యుద్ధం తప్పదన్న దేశంలో, తుపాకీ పట్టిన మనిషి పరుగు పందేల కోసం సంస్థ కట్టాడు. నాకు ఇది చాలా పెద్ద విషయం.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు సెర్బియా నుంచి వెళ్లింది ఇద్దరే. దుషాన్ మిలోషెవిచ్ 100 మీటర్లు పరుగెత్తాడు, ద్రాగుటిన్ తొమాషెవిచ్ మారథాన్‌లో దిగాడు. ఆ రోజు మారథాన్ దారి నిప్పుల కొలిమి. పోర్చుగల్ పరుగువీరుడు ఫ్రాన్సిస్కో లాజరో దారిలోనే కుప్పకూలి, మర్నాడు ప్రాణాలు విడిచాడు. పతకం రాలేదు కదా అని ఆ ఇద్దరినీ తీసిపారేయడం తేలిక. కానీ తమ దేశం పేరుతో అక్కడ నిలబడటానికి వారికి ఒక ఒలింపిక్ కమిటీ కావాలి, ఆ పనికి జుకిచ్ కట్టిన క్లబ్ ముందే సిద్ధంగా ఉంది. అదే ఏడాది జుకిచ్ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడయ్యాడు. మూడు నెలలు తిరక్కుండానే బాల్కన్ యుద్ధం, ఆ తర్వాత ప్రపంచ యుద్ధం. తొమాషెవిచ్ 1915లో పోరాడుతూ మరణించాడు. తాను పంపిన ఇద్దరిలో ఒకరిని యుద్ధం మింగేసినా జుకిచ్ ఒలింపిక్ పని వదల్లేదు.

1920 నుంచి అదే అంతర్జాతీయ కమిటీలో మన పారిశ్రామికవేత్త దొరాబ్జీ టాటా కూడా ఉన్నారు. ఆ ఏడాది ఆంట్వెర్ప్‌లో జరిగిన ఒలింపిక్స్‌కు భారత క్రీడాకారులను పంపడానికి ఆయన సొంత డబ్బు పెట్టారు. ఆ తరం నిర్వాహకులు పదవిని బాధ్యతగా మోశారు. పదవుల కుమ్ములాటలతో 2012లో మన ఒలింపిక్ సంఘాన్నే సస్పెండ్ చేయించుకున్న మనకు వారి పేర్లు తెలియకపోవడం సిగ్గుచేటు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, సెర్బియా అప్పటికే భాగమైన యుగోస్లావియాలో రాచరికం పోయి కమ్యూనిస్టులు వచ్చారు. రాజు సైన్యంలో జనరల్ దాకా ఎదిగిన జుకిచ్‌కు సొంత గడ్డపై చోటు లేకపోయింది. 36 ఏళ్ల ఒలింపిక్ కమిటీ సభ్యత్వం 1948లో ముగిసింది. 1960లో పరాయి దేశంలో కన్నుమూశాడు. రాచరికం పక్షాన నిలిచిన ఆయన రాజకీయాలను ఎంత కటువుగానైనా విమర్శించండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ విమర్శ పేరుతో ఆయన కట్టిన సంస్థను ఆయన పేరు లేకుండా చెబితే ఒప్పుకోను. నేటి సెర్బియా ఒలింపిక్ కమిటీ తన పుట్టుకను ఆ 1910 నుంచే లెక్కిస్తోంది.