ఆఖరి తూటా ఖరీదు

తుపాకీలో మూడే తూటాలు మిగిలాయి. ఎదురుగా చీకటి నడవా, ఆ చివర ఏదో కదులుతున్న చప్పుడు. కాల్చాలా, పక్కనుంచి జారుకోవాలా? సర్వైవల్ హారర్ గేమ్ అంటే ఈ టెన్షనే. 1996లో జపాన్ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ ‘రెసిడెంట్ ఈవిల్’తో ఈ తరహాకు ఆ పేరు స్థిరపడినప్పటి నుంచీ, ఆటగాడికి ఏదీ సరిపడా ఇవ్వకపోవడమే దాని ప్రాణం. వ్యాపారంలో దానికి వచ్చే చిక్కు కూడా అదే.

చాలామంది గేమ్ ఆడేది కాసేపు బలవంతులుగా ఉండటానికి. ఇక్కడేమో డబ్బిచ్చి నిస్సహాయతను కొనుక్కోవాలి. భయమంటే సరదా ఉన్నవాళ్లలోనూ ఎందరో తాము ఆడరు, ఇంకొకరు ఆడుతుంటే యూట్యూబ్‌లో చూస్తారు. దానివల్ల గేమ్‌కు పేరొస్తుంది. కథంతా చూసేశాక కొనాలనిపించడం కష్టం.

‘డెడ్ స్పేస్’కు జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. 2008 నాటి మొదటి గేమ్‌లో హీరో సైనికుడు కాదు, ఇంజినీరు. పాడైన అంతరిక్ష నౌకలో పనిముట్లనే ఆయుధాలుగా పట్టుకుని ఒంటరిగా నడుస్తాడు. సుమారు 50 లక్షల మంది ఆడితేనే ఇలాంటి సిరీస్‌పై పెట్టుబడి కొనసాగించగలమని 2012లో దాన్ని విడుదల చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ అధికారి ఫ్రాంక్ గిబో బాహాటంగానే చెప్పారు. 2013లో వచ్చిన మూడో భాగంలో రెండో ఆటగాడు తోడొచ్చాడు. అన్ని ఆయుధాలకూ ఒకే రకం తూటాలు పెట్టారు. ఆయుధాలు తయారు చేసుకునే సామగ్రిని నిజం డబ్బుకు అమ్మారు! కొరత వల్లే భయం పుట్టే చోట కొరత తీర్చే సరుకును అమ్మకానికి పెడితే ఇక మిగిలేదేమిటి? ఆ తర్వాత 2023 రీమేక్ దాకా ఆ సిరీస్‌లో కొత్త గేమ్ రాలేదు.

అలాగని భయం అమ్ముడుపోదనడం తప్పు. యాక్షన్‌తో నింపిన ‘రెసిడెంట్ ఈవిల్ 6’కు క్యాప్‌కామ్ మొదట 70 లక్షల కాపీల లక్ష్యం పెట్టుకుని, తర్వాత 50 లక్షలకు తగ్గించుకుంది. ఏళ్లు గడిచాక అది కోటి దాటిన మాట నిజమే. అయినా కంపెనీ ఆ దారి వదిలేసి, 2017లో ఏడో భాగాన్ని మళ్లీ ఇరుకు గదుల్లోకి తెచ్చింది. అదీ కోటి దాటింది, కానీ నెమ్మదిగా. గేమ్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్ అంటారు; ఆ గేమ్ కోసం తయారైన ఇంజిన్‌నే తర్వాత ఎన్నో గేమ్‌లకు వాడుకున్నారు కాబట్టి ఖర్చు పంచుకుపోయింది. ఆ వీలు అందరికీ ఉండదు. ఎన్నో అవార్డులు తెచ్చుకున్న హారర్ గేమ్ ‘అలన్ వేక్ 2’ 2023 అక్టోబరులో వస్తే, పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి ఏడాదికి పైగా పట్టింది.

అందుకే లెక్క మొదట్లోనే వేసుకోవాలంటాను. ఎంతమంది భయపడటానికి సిద్ధంగా ఉన్నారో చూసుకుని బడ్జెట్ పెట్టాలి గానీ, బడ్జెట్‌కు తగినంత మంది కోసం భయాన్ని పలచన చేయకూడదు. ఫ్రిక్షనల్ గేమ్స్ అనే చిన్న స్టూడియో 2010లో ఆయుధమే లేని ‘అమ్నీషియా’ తీసి నిలదొక్కుకుంది. 2023లో ‘అమ్నీషియా: ది బంకర్’లో ఆటగాడి చేతికి రివాల్వర్ ఇచ్చింది. తూటాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే.