హాల్లో ఫుల్ థ్రాటిల్

పాత ఆర్‌సీ విమానం (రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం) అమ్మేవాడు "చిన్న పని ఉంది సార్, అంతే" అన్నాడంటే ఇంజను బిగించే ఫైర్‌వాల్ కదులుతోందని అర్థం. "ఒక్కసారే పడింది" అన్నాడంటే తోక ఎక్కడో అతికించి ఉంటుంది. ఈ సంగతులన్నీ తెలిసినవాళ్లే కొంటారు. ఎందుకంటే అమ్మకానికొచ్చింది క్వార్టర్ స్కేల్ పైపర్ జె-3 కబ్.

అసలు కబ్ 1938లో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్ అనే ఊళ్లో పుట్టింది. 1947 వరకు దాదాపు 20 వేలు తయారయ్యాయి. పసుపుపచ్చ ఒళ్లు, పక్కన నల్లటి మెరుపు గీత. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 35 అడుగుల 3 అంగుళాలు. అందులో నాలుగో వంతంటే 2.7 మీటర్లు. పది అడుగుల వెడల్పున్న హాల్లో ఇది పడుతుందని టేపు చెబుతుంది. ఆ హాల్లో సోఫా, టీవీ, మామగారు కూడా ఉన్నారని టేపు చెప్పదు.

ఇంటావిడ ధర అడగదు. "దీన్నెక్కడ పెడతారండీ?" అంటుంది. దానికి జవాబు లేక ఇంటాయన మాట మారుస్తాడు. "దీన్ని ఎలక్ట్రిక్ చేసేస్తున్నా. పెట్రోలు కంపుండదు, చప్పుడుండదు. తాడు పట్టి తిప్పక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. స్విచ్ వేస్తే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది."

ఏళ్ల తరబడి 26 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను మోసిన ముక్కులో చెక్క కన్నా నూనె ఎక్కువ. నూనె తాగిన చెక్కకి ఎపాక్సీ పట్టదు. పట్టకపోతే పోనీ, పట్టినట్టు కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. మోటారు లాగగానే ఫైర్‌వాల్ దానితో పాటు ముందుకి వెళ్లిపోతుంది, విమానం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకని ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరిపోయాక (ఆరకముందు వేడి తగిలిందా, అంటుకుంటుంది) టాల్కమ్ పౌడర్ మందంగా పట్టించి, హీట్ గన్‌తో సన్నగా వెచ్చచేయాలి. లోపలి నూనె పైకొచ్చి పౌడర్ గోధుమరంగుకి తిరుగుతుంది. దులిపేసి మళ్లీ కొత్త పౌడర్. పౌడర్ తెల్లగానే మిగిలిపోయేదాకా ఇదే పని. పసిపిల్లలు లేని ఇంటికి ఇన్ని పౌడర్ డబ్బాలెందుకో కిరాణా కొట్టాయనకి అంతుపట్టదు. వాడినదీ వాడాల్సిందీ కలిపి పళ్లెం నిండా పౌడర్ విమానం వెనకే నేల మీద ఉండిపోతుంది. ఆ పళ్లెం సంగతి కాస్త గుర్తుంచుకోండి.

నూనె లాగినా బాగుపడని చెక్కని కోసి పారేయడమే మందు. కొత్త ఫైర్‌వాల్‌కి 6 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్, వెనక మూలల్లో త్రికోణపు కడ్డీలు, పక్కల నుంచి చెక్క మేకులు, అన్నిటికీ 30 నిమిషాల ఎపాక్సీ. అయిదు నిమిషాల రకం కూడా దొరుకుతుంది గానీ అంత గట్టిగా ఉండదు, వేడికి మెత్తబడుతుంది. మోటారు బిగించేచోట దాని జోలికి పోకూడదు.

తర్వాత కవరింగ్, అంటే చెక్క చట్రం మీద కప్పే ప్లాస్టిక్ ఫిల్మ్. పాత ఫిల్మ్ ఊడబీకి, ఎలుక కొరికిన రిబ్బుల (రెక్క లోపలి అడ్డ పట్టీల) పక్కన బాల్సా అనే తేలిక చెక్క ముక్కలు అతికించి, కొత్త పసుపు ఫిల్మ్ వేడిచేసి అంటించాలి. అంచులు అంటడానికి 120 డిగ్రీల దగ్గర చాలు, ముడతలు లాగడానికి ఇంకాస్త. దీనికంటూ చిన్న ఇస్త్రీపెట్టె వేరే ఉంటుంది. "ఇంట్లో ఉందిగా, మళ్లీ కొనడం ఎందుకు?" అనుకున్నవాడికి రెండు సంగతులు తెలిసొస్తాయి. ఇంటి పెట్టె మీద డిగ్రీలుండవు, కాటన్, సిల్కు అని ఉంటాయి. కాటన్ దగ్గర పెడితే ఫిల్మ్ కరిగి చిల్లుపడుతుంది. సిల్కు దగ్గర పెడితే ఫిల్మ్ జిగురు పసుపు రంగుతో సహా పెట్టె అడుగుకి అంటుకుంటుంది. మర్నాడు పొద్దున అదే పెట్టెతో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్తాడు. మధ్యాహ్నానికల్లా వీపు మీద కబ్ రంగు ఉందని పక్క సీటాయన చెబుతాడు.

సర్వోలు (తోక, రెక్కల పలకల్ని కదిపే చిన్న మోటార్లు), హింజులు, తీగలు కూడా చూడాలి. వాటిలో నవ్వుకోవడానికి ఏమీ లేదు. పాత నికెల్-కాడ్మియం బ్యాటరీ దగ్గర తీగలో రాగి నల్లబడి ఉంటే కోసేసి కొత్తది వేయాలి, సర్వో ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా తిరుగుతూ మధ్యలో వణికితే మార్చాలి.

ఇక కరెంటు లెక్క. కబ్ నింపాదిగా ఎగిరే రకం, కిలోకి 220 వాట్లు చాలు. 7 కిలోల విమానానికి 1540. నాలుగు సెల్లుల 5000 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు రెండు వరసగా కలిపితే 8ఎస్, అంటే వరసలో ఎనిమిది సెల్లులు, 29.6 వోల్టులు. 250 కేవీ (కిలోవోల్టులు కాదు, వోల్టుకి నిమిషానికి 250 చుట్లు) మోటారు, 20×8 అంగుళాల చెక్క ప్రొపెల్లర్ వేస్తే ఫుల్ థ్రాటిల్‌లో, అంటే వేగం పూర్తిగా పెంచితే, 52 ఆంపియర్ల చుట్టుపక్కల లాగుతుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ 60 ఆంపియర్లది సరిపోతుందని కాగితం అంటుంది. ఏప్రిల్ ఎండలో మూసేసిన ముక్కులో కూర్చోవాల్సింది కాగితం కాదు కాబట్టి 100 వేయాలి. గాలి లోపలికొచ్చే దారికి కనీసం రెండింతలు బయటికి పోయే దారి ఉండాలి. ఈ సైజు ఈఎస్‌సీలు చాలావాటిలో రిసీవర్‌కి కరెంటిచ్చే ఏర్పాటు ఉండదు, దానికి వేరే చిన్న బ్యాటరీ పెట్టాలి. ఎగరడానికి సగటున 20 ఆంపియర్లు, వాడేది 5000లో 4000 మాత్రమే. అంటే 12 నిమిషాలు.

ఆ బ్యాటరీలు ఒక్కోటి 74 వాట్-అవర్లు. వందలోపు కాబట్టి విమాన ప్రయాణంలో చేతిసంచిలో తేవచ్చు, చెక్-ఇన్ సామానులో మాత్రం పనికిరావు. డాలస్ బావమరిదికి ఈ నియమం ఫోన్లో మూడుసార్లు చెప్పాలి. వెళ్లేటప్పుడు ఆవకాయ చెక్-ఇన్ సామానులో వెళ్తుంది కాబట్టి, వచ్చేటప్పుడు బ్యాటరీ కూడా అక్కడే అనుకుంటాడు.

అన్నీ బిగించాక విమానం వెనక్కి కూలబడుతుంది. ఇంజను, సైలెన్సర్, ట్యాంకు పోయి వాటి చోట అరకిలో మోటారొచ్చింది మరి. 400 మిల్లీమీటర్ల రెక్క వెడల్పులో ముందంచు నుంచి 110 దగ్గర వేళ్ల మీద నిలబెడితే సమంగా ఉండాలి. అసలు కబ్‌లో పైలట్ ఒక్కడే వెళ్తే వెనక సీట్లోనే కూర్చోవాలి, ముందు కూర్చుంటే ముక్కు బరువైపోతుంది. ఈ బొమ్మ కబ్‌ది ఉల్టా జబ్బు. పైగా పాత యజమాని తోకకి పూసిన ఎపాక్సీ ప్రతి గ్రాముకీ ముక్కులో మూడు గ్రాములు కావాలి. సరైన వైద్యం ఏమిటంటే ముందు బ్యాటరీ పళ్లేన్ని ఫైర్‌వాల్ దాకా జరపడం, అప్పటికీ చాలకపోతేనే సీసం. కానీ ఎంత సీసం కావాలో తెలియాలంటే ముందు ఏదో ఒకటి పెట్టి చూడాలిగా.

"ఏవండీ, పూజగదిలో ఇత్తడి కుంది కనబడటం లేదు."

"380 గ్రాములు," అంటాడు ఇంటాయన, విమానంలోంచి తల ఎత్తకుండా.

ఆదివారం పదిన్నరకి పరీక్ష. కరెంటు ఎంత లాగుతోందో మీటరులో చూడాలంటే ప్రొపెల్లర్ ఉండాల్సిందే, అంతవరకు సబబే. తోకకి తాడు కట్టి ప్లాస్టిక్ కుర్చీకి ముడేసి, కుర్చీలో మామగారిని కూర్చోబెట్టారు. ఆయన 70 కిలోలు, విమానం గట్టిగా లాగితే 7. ఈ లెక్కలోనూ తప్పులేదు, ఆయన కూర్చున్నంతసేపూ.

తప్పు అంతకు ముందురోజు రాత్రి జరిగింది. ఈఎస్‌సీకి థ్రాటిల్ హద్దులు నేర్పడానికి రేడియో (చేతిలోని రిమోట్) మీద థ్రాటిల్ స్టిక్ పైకి పెట్టి బ్యాటరీ కలపాలి. అదే ఊపులో, స్టిక్ పైనుండగానే, విమానంలోని కొత్త రిసీవర్‌ని రేడియోకి బైండ్ చేశాడు, అంటే జత కలిపాడు. కొన్ని రిసీవర్లు బైండ్ చేసిన క్షణంలో స్టిక్కులు ఎక్కడున్నాయో చూసి, సిగ్నల్ పోయినప్పుడు అలాగే ఉండాలని రాసుకుంటాయి. దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. పెట్రోలు ఇంజను ఆగి ఉండగా తప్పుడు ఫెయిల్‌సేఫ్ ఉన్నా తెలియదు, ఆగి ఉన్న ఇంజను ఆగే ఉంటుంది. ఎలక్ట్రిక్ మోటారుకి ఆగి ఉండటం అంటూ లేదు, మాట కోసం కాచుకుని ఉంటుంది.

బ్యాటరీ కలిపాడు. ఫట్‌మని నిప్పురవ్వ, 8ఎస్‌కి అది మామూలే, దానికోసం యాంటీ-స్పార్క్ కనెక్టర్లున్నాయి. సగం థ్రాటిల్ దాకా మెల్లగా పెంచి, మీటరు చూసి, దించేశాడు. మోటారు బుద్ధిగా ఆగింది. లోపలి నుంచి "నాన్నా, కాఫీ!" అని కేక. మామగారు లేచారు. కుర్చీ బరువు రెండున్నర కిలోలకి పడిపోయింది. ఇంటాయన టీవీ కట్టేసే అలవాటు కొద్దీ చేతిలో ఉన్న రేడియో స్విచ్ ఆపాడు.

రిసీవర్ రెప్పపాటు ఆగి, తనకి నేర్పింది చేసింది.

నిమిషానికి ఆరువేల చుట్ల దగ్గర 20 అంగుళాల ప్రొపెల్లర్ వెనక్కి తోసిన గాలి మొదట పౌడర్ పళ్లేన్ని పలకరించింది. హాలు మాయమైంది. ఆ తెలుపులోంచి కబ్ ముందుకి నడిచింది, కుర్చీ వధువు వెనక తోడిపెళ్లికూతురులా దాన్ని అనుసరించింది. ఇంటాయన రేడియో మళ్లీ ఆన్ చేశాడు గానీ కంగారులో బొటనవేలు స్టిక్కుని పైకి తోసేసింది. థ్రాటిల్ పైనుంటే చాలా రేడియోలు సిగ్నల్ పంపవు. ముందు స్టిక్ దించమని తెర మీద మర్యాదగా అడుగుతూ కూర్చుంటాయి. ఆ తెర మీద అప్పటికి పౌడర్ ఉంది. ఆయన చదివి, దించేలోపు ప్రొపెల్లర్ సోఫా టేకు చేతిని అందుకుని రెండుగా చీలింది.

మామగారు కాఫీ గ్లాసుతో వచ్చి, "ఎగిరిందా బాబూ?" అన్నారు.

ఇంటావిడ ఫ్యాను వైపు, దేవుడి పటాల వైపు, సోఫా వైపు చూసింది. "ఆపితే ఆగుతుందన్నారు. ఆపాకేగా తిరిగింది?"

సాంకేతికంగా ఆవిడ మాటే కరెక్టు. ఆపే వరస ఎప్పుడూ ఒకటే: ముందు విమానంలో బ్యాటరీ తీయాలి, తర్వాతే రేడియో కట్టేయాలి. ఆన్ చేసేటప్పుడు ముందు రేడియో. ప్రొపెల్లర్ తీసేసి, స్టిక్ కిందుంచి, రిసీవర్‌ని మళ్లీ బైండ్ చేయాలి. ఆ తర్వాత కావాలనే రేడియో ఆపి మోటారు కదలకుండా ఉందో లేదో చూడాలి. బ్యాటరీ దారిలో ఒక ప్లగ్గుని ప్రొపెల్లర్‌కి దూరంగా, విమానం పక్క మీద బయటికి పెట్టాలి. అది లాగితే కరెంటు పోతుంది, తిరిగే చెక్క దగ్గరికి చెయ్యి పెట్టాల్సిన పనుండదు.

నష్టం లెక్క చూస్తే ఒక ప్రొపెల్లర్, సోఫా చెయ్యి, రెండు పూటల తుడుపు. మోటారు షాఫ్టు వంగలేదు; వంగి ఉంటే చేత్తో తిప్పినప్పుడు మొన కంటికి ఊగుతూ కనబడేది. బేరింగుల్లో దూరిన పౌడర్‌ని బ్లోయరుతో ఊదేయాలి, నూనె ముందు వేయకూడదు, వేస్తే పేస్టవుతుంది. ఫైర్‌వాల్ మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. పౌడర్ డబ్బాలు, 30 నిమిషాల ఎపాక్సీ దండగ కాలేదని ఇంటాయన రెండుసార్లు గట్టిగా అన్నాడు. వినేవాళ్లు చీపురు పట్టుకుని ఉన్నారు.

కొత్త ప్రొపెల్లర్ వచ్చాక పరీక్ష మేడ మీదికి మారింది. తాడు ఈసారి పిట్టగోడ పక్క ఇనుప స్తంభానికి. అయినా మామగారు తన ఉద్యోగం ఖాయమైందనుకుని కుర్చీ వేసుకుని కూర్చున్నారు, కాఫీ ఫ్లాస్కులో తెచ్చుకుని.