'బిగించండి' అన్న మాటకు ఆడా మగా లేదు

కొన్నవాళ్లే బిగించుకునే ఫర్నిచర్ అమ్మే స్వీడన్ సంస్థ ఐకియా. దాని మాన్యువళ్లలో, అంటే ఎలా బిగించాలో బొమ్మలతో చెప్పే పుస్తకాల్లో, బీరువాలూ మంచాలూ బిగిస్తున్న ఆడమనిషి ఎందుకు కనబడదని 2005లో నార్వే ప్రధాని షెల్ మాగ్నె బొండెవిక్ నిలదీశారు. ఆడవాళ్ల బొమ్మ వేస్తే ముస్లిం దేశాల్లో ఇబ్బందవుతుందని సంస్థ ప్రతినిధి జవాబిచ్చారు. అదే ఐకియా 2018లో మన దేశంలో తొలి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరిచింది.

మాన్యువల్లో ఉండేది ఉత్త గీతల మనిషి బొమ్మ, చూసేవాళ్లకు మేకు ఎక్కడ దిగాలో తెలిస్తే చాలు కదా అంటారు కొందరు. బొమ్మకు ఆడామగా లేకపోతే ముస్లిం దేశాల ఊసెందుకు వచ్చింది? ఆ జవాబే అది మగవాడి బొమ్మని ఒప్పేసుకుంది.

తెలుగు మాన్యువల్ చదివితే ఈ అన్యాయం ఇంకా బాగా కనబడుతుంది. మామూలుగా మన భాష ఆడవాళ్ల పట్ల ఏమంత ఉదారమైనది కాదు. బస్సు 'వచ్చింది', వదినా 'వచ్చింది'. కానీ 'మూత తీయండి', 'స్క్రూ బిగించండి' అన్నప్పుడు ఆ 'అండి' అందరిదీ. అంత మర్యాదైన వాక్యం పక్కన ప్యాంటూ చొక్కా వేసుకున్న మగవాణ్ణి గీసిపెడతారు.

బొమ్మ మారితే హెచ్చరిక కూడా మారుతుంది. ప్యాంటూ చొక్కా మనిషిని గీసేవాడికి కొంగు గుర్తుకు రాదు, చున్నీ గుర్తుకు రాదు, జడ గుర్తుకు రాదు. తిరిగే చక్రం దగ్గర ప్రాణం తీసేవి అవే. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా మోటార్ సైకిల్‌కు సగం చక్రం కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. జనం దాన్ని శారీ గార్డ్ అనే పిలుస్తారు. చీర కట్టిన మనిషి మన చట్టానికి తట్టింది వెనక సీట్లోనే.

అసలు యంత్రం తెలియని ఆడవాళ్లు మన ఇళ్లలో ఎక్కడున్నారు? కుట్టుమిషన్‌కు నూనె వేసేది, బాబిన్ మార్చేది, దారం బిగువు సరిచేసేది, తెగిన బెల్టు ఎక్కించేది ఎవరు? ఆవిడ చేతిలో అది కుట్టుపని. అదే మగవాడు విప్పితే రిపేరు, మెకానిక్ పని. కూలి రేట్లలోనూ ఈ తేడానే చూస్తాం.

2023 నవంబరులో కేంద్రం 'నమో డ్రోన్ దీదీ'కి ఆమోదం తెలిపింది. 1,261 కోట్ల రూపాయలతో 15,000 మహిళా సంఘాలకు పొలాల్లో మందు చల్లే డ్రోన్లు ఇవ్వాలన్నది పథకం. పొలం గట్టున మందు కలిపి, బ్యాటరీ ఎక్కించి, డ్రోన్ ఎగరేసేది ఇక మన సంఘం అక్కలే. ఆ డ్రోన్‌తో వచ్చే పుస్తకం మొదటి పేజీలో కొంగు నడుముకు బిగించి, జడ ముడివేసుకున్న మనిషి బొమ్మ ఉండాలి. ఆ ముడి ఎందుకు వేసుకోవాలో దాని పక్కనే రాసి ఉండాలి.