శ్రీనగర్‌లో ఉన్నది యేసు సమాధి కాదు

మట్టల ఆదివారం వచ్చిందంటే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మొదలవుతుంది, ఈస్టర్ దాటేదాకా ఆగదు. అందులో ఉండేది ఇది: యేసు సిలువ మీద చనిపోలేదు, స్పృహ తప్పాడంతే. మూలికల లేపనంతో కోలుకుని తూర్పు దారి పట్టి కశ్మీర్ చేరాడు. నూట ఇరవై ఏళ్లు బతికి అక్కడే కన్నుమూశాడు. శ్రీనగర్‌లోని రోజాబల్ ఆయన సమాధే. లద్దాఖ్‌లోని హేమిస్ బౌద్ధ మఠంలో దీనికి రాతప్రతుల ఆధారం ఉంది. పునరుత్థానం, అంటే ఆయన చనిపోయి తిరిగి లేవడం అనేది, క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన క్రైస్తవ మహాసభలో పెద్దలు కల్పించిన కథ. చివర్లో ఒక సర్దుబాటు మాట కూడా ఉంటుంది: ఆయన ఎక్కడ పోతేనేం, బోధలు మిగిలాయిగా, అవి చాలవా?

దీన్ని పంపేవాళ్లలో ఎక్కువమందికి దురుద్దేశం ఉండదు. యేసుకు మన దేశంతో చుట్టరికం కలుస్తోందన్న సంతోషమే వాళ్లది. ఆ సంతోషాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఇందులో ఒక్క ముక్కా పరీక్షకు నిలవదు, పైగా చివరి మాట మా క్రైస్తవ విశ్వాసం ప్రాణం మీదికే వస్తుంది. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

"హేమిస్ మఠంలో రాతప్రతులున్నాయి"

ఈ మాటను లోకంలోకి వదిలింది నికోలాస్ నొటోవిచ్ అనే రష్యన్ పాత్రికేయుడు. 1887లో లద్దాఖ్ వెళ్లానని, కాలు విరిగి హేమిస్‌లో ఉండిపోతే అక్కడి లామా 'ఇస్సా' (ఆ పుస్తకం ప్రకారం యేసే) అనే మహనీయుడి చరిత్ర చదివి వినిపించాడని 1894లో ఫ్రెంచి భాషలో పుస్తకం వేశాడు. అదే ఏడాది మాక్స్ ముల్లర్ దాన్ని తప్పుబట్టాడు. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా అచ్చు వేయించిన పండితుడాయన. భారతీయ గ్రంథమంటే చిన్నచూపు ఉన్న మనిషి కాడు. టిబెటన్ గ్రంథాల పట్టికల్లో అలాంటి పేరే లేదని ఎత్తిచూపాడు. మరుసటి సంవత్సరం, 1895లో, ఆగ్రా ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడు జె. ఆర్చిబాల్డ్ డగ్లస్ స్వయంగా హేమిస్ వెళ్లి మఠాధిపతికి నొటోవిచ్ రాతలు అనువదింపజేసి వినిపించాడు. కాలు విరిగిన యూరోపియన్ ఎవరూ తన హయాంలో అక్కడ ఉండలేదని, ఇస్సా గ్రంథం గురించి తానెన్నడూ వినలేదని ఆ పెద్దాయన తేల్చి చెప్పాడు.

రామకృష్ణ మఠ సంప్రదాయానికి చెందిన స్వామి అభేదానంద 1922లో హేమిస్ వెళ్లి, లామాలు ఆ గ్రంథం ఉందన్నారని రాసిన మాట నిజమే. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. అయితే ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఆ మూలప్రతిని పండితుల ముందు పెట్టినవారు లేరు. చూపించని రాతప్రతిని ఆధారమనడం ఏ మత చరిత్రకైనా చెల్లదు.

అసలు సంగతి ఇంకొకటుంది. సందేశం పంపేవాళ్లు నొటోవిచ్ పుస్తకాన్ని తెరిచి చూసినట్టు లేదు. అందులో ఇస్సా భారతదేశానికి వచ్చేది పడుచు వయసులో, సిలువకు ముందు. తర్వాత తిరిగి పాలస్తీనా వెళ్తాడు, సిలువ మీద చనిపోతాడు, సమాధి అవుతాడు. అంటే హేమిస్ కథ నిజమైతే రోజాబల్ కథ అబద్ధం. రెండింటినీ ఒకే సందేశంలో కుట్టేశారు.

"రోజాబల్ యేసు సమాధే"

శ్రీనగర్ పాతబస్తీలో ఖన్యార్ అనే పేట ఉంది. అక్కడి చిన్న కట్టడంలో యూజ్ అసఫ్ అనే పేరుతో ఒక సమాధి, సయ్యద్ నసీరుద్దీన్ అనే ముస్లిం సాధువుది ఇంకొకటి ఉన్నాయి. యూజ్ అసఫే యేసు అని చాటింది పంజాబ్‌లోని ఖాదియాన్‌కు చెందిన మీర్జా గులాం అహ్మద్, అహ్మదీయ ఉద్యమ స్థాపకుడు. 1899లో ఆయన దీని మీద ఉర్దూలో పుస్తకమే రాశాడు. అంతకు ముందు ఆ సమాధి ప్రస్తావన దొరికేది 18వ శతాబ్దపు పారశీక కశ్మీర్ చరిత్రలో. ఎవరో పరదేశపు రాజకుమారుడు ప్రవక్తగా వచ్చాడని అందులో ఉంది తప్ప యేసు అని లేదు. యేసు కాలానికీ ఆ రాతకూ మధ్య పదిహేడు వందల ఏళ్లు! ఆ సమాధిని చూసుకునే స్థానిక ముస్లింలు కూడా దాన్ని యేసుదని ఒప్పుకోరు. ఇస్లాంలో అత్యధికులు నమ్మేది దేవుడు ఈసాను (యేసును) సజీవంగా పైకి తీసుకున్నాడని. వాళ్లకూ ఈ కథ పరాయిదే.

మరి ఈ యూజ్ అసఫ్ ఎవరు? ఇక్కడ చరిత్ర చాలా అందమైన మలుపు తిరుగుతుంది, కాస్త ఆగి చూడాలి. ఒక రాజుకు కొడుకు పుడతాడు. ఈ బిడ్డ సన్యాసి అవుతాడని జోస్యం. లోకంలోని బాధ కంటబడకుండా తండ్రి అంతఃపురంలో దాచి పెంచుతాడు. కుర్రవాడు బయటికొచ్చి రోగిని, ముసలివాణ్ణి చూస్తాడు, చావు సంగతి తెలుసుకుంటాడు, రాజ్యం వదిలేస్తాడు. మనకు తెలిసిన కథే కదా! సిద్ధార్థుడు గుర్రమెక్కి ఇల్లు విడిచిన ఆ ఘట్టాన్నే మన అమరావతి శిల్పులు రాతిలో చెక్కారు. ఈ బుద్ధ చరిత్ర పశ్చిమానికి వెళ్లి అరబ్బీలో 'బిలౌహర్, బుదాసఫ్' కథ అయింది. బోధిసత్వుడే బుదాసఫ్. అరబ్బీ లిపిలో ఒక చుక్క తేడాతో 'బ' కాస్తా 'య' అయి యుదాసఫ్, ఆ తర్వాత యూజ్ అసఫ్ అన్న రూపాలు వచ్చాయి. 10వ శతాబ్దపు షియా పండితుడు ఇబ్న్ బాబవయ్య తన గ్రంథంలో ఈ కథ చేర్చాడు. అందులో రాజకుమారుడు చివరికి కశ్మీర్‌లో చనిపోతాడు. బుద్ధుడు పరినిర్వాణం చెందిన కుశీనగరమే అలా కశ్మీర్‌గా మారిందని ఈ కథను పరిశోధించినవారి అభిప్రాయం.

అదే కథ జార్జియన్, గ్రీకు భాషల మీదుగా యూరప్ చేరి, రోమన్ కథోలిక పునీతుల జాబితాలో 'జోసఫత్' పేరుతో చోటు సంపాదించింది. బుద్ధుడని తెలియకుండానే మా పూర్వులు ఆయన్ను పునీతుడిగా తలచుకున్నారు. ఇందులో నాకు సిగ్గేమీ లేదు, ముచ్చటగా ఉంది. కానీ బుద్ధుడి పేరు మోస్తున్న సమాధిని తెచ్చి యేసుకు అంటగట్టడం ఇద్దరికీ అన్యాయమే.

"ఆరు గంటలకే చనిపోతారా? స్పృహ తప్పి ఉంటాడు"

సిలువ మీద కొందరు రోజుల తరబడి బతికిన మాట నిజం. అంత త్వరగా చనిపోయాడా అని శిక్ష వేసిన రోమన్ అధిపతి పిలాతే ఆశ్చర్యపోయాడని మార్కు సువార్తలో ఉంది. అయితే వెంటనే శతాధిపతిని పిలిచి, రూఢి చేసుకుని, ఆ తర్వాతే శవాన్ని అప్పగించాడు. యేసును సిలువకు ముందే కొరడాలతో కొట్టారు, మోయలేకపోతే ఆ సిలువను ఇంకొకరి చేత మోయించారు. యోహాను సువార్త ప్రకారం ప్రక్కలో బల్లెంతో పొడిచారు. మరణశిక్ష అమలు చేయడం ఆ సైనికుల వృత్తి.

దించితే బతుకుతారా అన్నదానికి ఆ శతాబ్దంలోనే ఒక ఉదాహరణ ఉంది. యూదు చరిత్రకారుడు జోసెఫస్ తన ఆత్మకథలో రాశాడు: సిలువ మీద వేలాడుతున్న తన పరిచయస్తులు ముగ్గురిని గుర్తుపట్టి, రోమన్ సేనాని టైటస్‌ను కన్నీళ్లతో వేడుకుని దింపించాడట. వైద్యులు శ్రద్ధగా చూసినా ఇద్దరు చనిపోయారు, ఒక్కడే దక్కాడు. సేనాని ఆజ్ఞ, వైద్యుల చికిత్స ఉండి కూడా అంతే. చికిత్స లేకుండా రాతి సమాధిలో పడి ఉన్న మనిషి మూడో రోజుకు లేచి నడిచాడని, అతణ్ణి చూసి శిష్యులు 'మరణాన్ని జయించాడు' అని పాడుకున్నారని ఎలా అనగలం? అలాంటి మనిషిని చూస్తే జాలి పడతారు, మంచం వేస్తారు. ఆరాధించరు. పునరుత్థానాన్ని ఏమాత్రం నమ్మని జర్మన్ పండితుడు డేవిడ్ స్ట్రౌస్ కూడా 19వ శతాబ్దంలో ఇదే వాదంతో స్పృహ తప్పిన కథను కొట్టిపారేశాడు.

"325లో నైసియాలో కల్పించారు"

దీనికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొరింథు ఊరి క్రైస్తవ సంఘానికి అపొస్తలుడు పౌలు మొదటి పత్రిక (ఉత్తరం) రాసింది క్రీ.శ. 53-55 ప్రాంతంలో. దాని 15వ అధ్యాయంలో క్రీస్తు చనిపోయాడని, సమాధి చేయబడ్డాడని, మూడో రోజున లేపబడ్డాడని ఉంది. అది తాను కనిపెట్టింది కాదు, తనకు అందినదే మీకు అప్పగించానంటాడు. కేఫాకు (పేతురుకు), పన్నెండుగురు శిష్యులకు, అయిదు వందలకు పైబడ్డ సహోదరులకు కనబడ్డాడని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు. అంటే వెళ్లి అడగొచ్చు అని. ఆ పత్రిక ఉన్న ఒక పపైరస్ ప్రతి దాదాపు 200 నాటిది, ఇప్పటికీ ఉంది. నైసియాకు అది సుమారు నూట పాతికేళ్లు పెద్దది. నైసియాలో తగాదా, కుమారుడు తండ్రితో సమానుడు కాడు, సృష్టించబడినవాడన్న ఏరియస్ అనే పెద్ద బోధ మీద, ఈస్టర్ ఏ రోజు జరపాలన్నదాని మీద. యేసు లేచాడా లేదా అన్నది అక్కడ వివాదమే కాదు. ఏరియస్ కూడా లేచాడనే నమ్మాడు.

కల్పించేవాళ్లయితే మొదటి సాక్షులుగా ఆడవాళ్లను పెట్టేవాళ్లు కాదు. ఆ సమాజంలో స్త్రీ సాక్ష్యం చెల్లదని జోసెఫసే రాశాడు. అయినా నాలుగు సువార్తలూ ఖాళీ సమాధి దగ్గరికి ముందుగా మగ్దలేనే మరియను నడిపించాయి. జరిగింది అలా కాబట్టే అలా రాశారని నా నమ్మకం.

"బోధలు చాలవా?"

సందేశంలో అన్నిటికంటే మెత్తటి మాట ఇదే, నన్ను అన్నిటికంటే నొప్పించేదీ ఇదే. చాలవు. ఈ మాట నేనంటున్నది కాదు, పౌలే అన్నాడు: "క్రీస్తు లేపబడని యెడల మీ విశ్వాసము వ్యర్థమే." ఇంత పచ్చిగా తన మతాన్నంతా ఒక్క సంఘటన మీద పందెం కాసినవాడు ఇంకొకడు నాకు కనబడలేదు. ఆ బోధలు కూడా మనదాకా వచ్చింది ఆయన లేచాడని నమ్మినవాళ్ల చేతుల మీదుగానే. సిలువతో అంతా అయిపోయిందనుకున్న రాత్రి వాళ్లు తలుపులు వేసుకుని దాక్కున్నారు. కొండమీది ప్రసంగాన్ని రాసి పెడదామని ఎవరూ అనుకోలేదు.

పునరుత్థానం అంటే ఆత్మ ఎక్కడికో ఎగిరిపోవడం కాదు. దేహం లేచింది, గాయాలతో సహా లేచింది. దేహానికి దేవుడు విలువ కట్టాడన్న మాట అది. ఈ మాట తెలుగు నేల మీద ఎవరి చెవిన పడిందో గుర్తుచేసుకోవాలి. 1878 జూలై 3న, కరువు కొరికి వదిలిన ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. తాకితే మైల అని ఊరు వెలివేసిన ఒళ్లు అవి. ఆ ఒంటినే దేవుడు మళ్లీ లేపుతాడన్న విశ్వాసాన్ని 'మంచి బోధలు' అనే రెండు మాటల్లో కుదించలేం. నేటికీ చాలా ఊళ్లలో ఈస్టర్ తెల్లవారుజామున మావాళ్లు సమాధుల తోటకు వెళ్లి, సున్నం వేసిన తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. యేసు ఖన్యార్‌లో మట్టి అయి ఉంటే ఆ పాటలకు అర్థం లేదు, ఉత్త జ్ఞాపకాలే.

పౌలు ఆ అధ్యాయాన్ని ముగించింది పరలోక వర్ణనతో కాదు, "మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదని" చెప్పి, పని మానవద్దని. మంచానపడ్డ తల్లికి ఒళ్లు తుడిచే కూతురు, న్యాయం కోసం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కే మనిషి, ఫలితం కనబడకపోయినా చేస్తూనే ఉండడానికి మాకున్న కారణం ఇదే. 'బోధలు చాలు' అన్న మాట మా దగ్గర నుంచి అడుగుతున్నది ఈ కారణాన్నే. అది మేం ఇవ్వలేం.