మహారాజశ్రీ తలుపుసందు గారికి

మహారాజశ్రీ ఎడమవైపు వెనక తలుపు సందు గారి సముఖమునకు, టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి మీ యజమాని అనబడే రుణగ్రస్తుడు నమస్కరించి వ్రాయు విశేషములు. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా క్షేమమేనని రోజూ పొద్దున్నే గరాజు తలుపు ఎత్తగానే తెలుస్తూనే ఉంది.

మన పరిచయం ఫిబ్రవరిలో మొదలైంది. అరవై రెండు వేల డాలర్ల కొత్త పికప్ ట్రక్కు, డెబ్బై రెండు నెలల వాయిదాలు, మీటరులో తొమ్మిది మైళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాడికి పికప్ ఎందుకని మా ఆవిడ అడిగింది. టెక్సాస్‌లో అలాంటి ప్రశ్నలు అడగకూడదని చెప్పాను. ఈ ఎనిమిది నెలల్లో దాని తొట్టిలో నేను మోసిన అతి పెద్ద సరుకు ఒక కరివేపాకు మొక్క. కుండీతో సహా.

మొదటి దర్శనం గుడి దగ్గరే ఇచ్చారు. వాహనపూజలో పూజారిగారు తలుపు మీద గంధం పూసి, కుంకుమ అద్ది, బొటనవేలు కిందికి జార్చారు. వేలు ఒకచోట ఆగింది. కుంకుమ సగం తమరిలోకి రాలిపోయింది. ఆయన ఒకసారి నా వైపు చూసి, ఏమీ అనకుండా మంత్రం అందుకున్నారు. తర్వాత నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి పోనివ్వమన్నారు. ఈ దేశంలో కొన్న దగ్గర నుంచి బాగుపడని బండినే నిమ్మకాయ అంటారని అప్పటికి నాకు తెలియదు. ఒక నిమ్మకాయ కింద నాలుగు నిమ్మకాయలు నలిగాయన్నమాట.

మా నాన్నగారు వడ్రంగి. తెనాలి చుట్టుపక్కల ఆయన దించిన తలుపులు వందల్లో ఉంటాయి. బండి చూపిద్దామని వీడియో కాల్ చేస్తే చక్రాలు చూడలేదు, తెర చూడలేదు. "ఆ వెనక తలుపు దగ్గరికి పట్టరా" అన్నారు.

"దించినవాడెవడు?"

"రోబోలు, నాన్నా."

"వాటికి మేస్త్రీ లేడా?"

గుమ్మానికి తలుపు దించినప్పుడు చుట్టూ ఒకే మందం అట్టముక్క ఆడాలని, పైన బిగుతుగా కింద వదులుగా ఉందంటే తప్పు తలుపుది కాదు, దాన్ని గుమ్మానికి కలిపే బందుదని ఆయన సిద్ధాంతం. నా దగ్గర అట్టముక్క లేదు, అమెరికా అయిదు సెంట్ల నాణేలు ఉన్నాయి. ఒక్కోటి 1.95 మిల్లీమీటర్ల మందం. ప్రభుత్వమే ముద్రించిన కొలబద్ద. తమరి పై అంచున రెండు నాణేలు పట్టాయి. గొళ్లెం దగ్గరికి వచ్చేసరికి రెండు నాణేలు వదులయ్యాయి. కింది అంచున మూడు పట్టి, నాలుగోది కూడా తొంగిచూసింది. కుడివైపు తలుపుకు పైనుంచి కిందిదాకా రెండే.

తమరి పుట్టుక గురించి కాస్త చదివాను. చాలా కర్మాగారాల్లో రంగు వేసేటప్పుడు తలుపులు బండికే ఉంటాయట. తర్వాత వాటిని విప్పి వేరే వరుసలోకి పంపి, అద్దం, మోటారు, స్పీకరు, తొడుగులు బిగించి, బరువెక్కాక తెచ్చి మళ్లీ తగిలిస్తారు. ఆ బరువుకు తలుపు ఎంత దిగుతుందో ముందే లెక్కగట్టి బందు సరిచూడాలి. ఆ చూసే క్షణమే తమరి జన్మలగ్నం. వెనక వరుసగా బళ్లు వస్తుంటాయి. బళ్లను మోసే పట్టీ ఆగితే డబ్బు పోతుంది, తమరు పుడితే ఎవరికీ ఏమీ పోదు.

సందులన్నిటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. పికప్‌లో ముందు క్యాబిన్‌కూ వెనక తొట్టికీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఒకటి ఉంది. అది పెద్దమనిషి. ఆ రెండూ ఒకే ఛాసిస్ మీద విడివిడిగా కూర్చుంటాయి కాబట్టి, గతుకుల్లో బరువుతో ఛాసిస్ మెలితిరిగినప్పుడు ఒకదానికొకటి రాసుకోకుండా కావాలనే అక్కడ చోటు వదిలారు. ఆయనకు ఉద్యోగం ఉంది. తమరికి ఏ పనీ లేదు, అయినా ఆయనకంటే తమరికే పలుకుబడి ఎక్కువ.

మార్చిలో మొదటిసారి సర్వీసుకు తీసుకువెళ్లాను. అడ్వైజర్ తమరిని ఆప్యాయంగా నిమిరి, కంపెనీ అనుమతించిన పరిమితిలోనే ఉన్నారన్నాడు. పరిమితి ఎంత అని అడిగాను. అది లోపలి సమాచారమట. ఎంతో చెప్పని పరిమితిని దాటడం ఎవరి తరం?

మే నెలలో తమరి బంధువు ఒకరు బయటపడ్డారు. వాన పడుతోంది. సోనామసూరి బస్తా తొట్టిలో పెడితే తడుస్తుందని తెలివిగా లోపల వెనక సీటు కింద పెట్టాను. ఇంటికి వచ్చి ఎత్తితే బస్తా అడుగు చల్లగా, బరువుగా ఉంది. తివాచీ నొక్కితే నీళ్లు ఊరాయి. వెనక అద్దం పైన ఉండే మూడో బ్రేకు లైటు చుట్టూ రబ్బరు సరిగా కూర్చోలేదట. అక్కడి నుంచి ధార పైకప్పు గుడ్డ లోపలే ప్రయాణం చేసి బియ్యం దాకా వచ్చింది. తొట్టిలో పెట్టి ఉంటే పైన టార్పాలిన్ అయినా కప్పేవాడిని. వారం పాటు బండిలో తడి గోనెసంచి వాసన. ఆ రబ్బరు మార్చారు, అది మాత్రం నిజాయితీగా ఒప్పుకుంటాను. మారుస్తూ పైకప్పు క్లిప్పు ఒకటి విరగ్గొట్టారు. అది ఇప్పుడు అరవై మైళ్ల వేగం దాటగానే గజ్జె కడుతోంది.

జూలైలో మూడోసారి వెళ్తే, ఎండకు లోహం వ్యాకోచించిందన్నారు. ఇంజనీరింగ్ చదివి కూడా ఒక్క క్షణం తల ఊపాను. దారిలో లెక్క వేసుకున్నాను. మీటరు పొడవు ఉక్కు ముప్పై డిగ్రీలు వేడెక్కితే సాగేది మిల్లీమీటరులో మూడో వంతు. పైగా లోహం సాగితే సందు తగ్గాలి కదా? కుడి తలుపు కూడా అదే ఎండలో ఉంది కదా?

సెప్టెంబరులో వాళ్ల తర్కం పరాకాష్ఠకు చేరింది. అడ్వైజర్ నన్ను ఆవరణలోకి నడిపించి, అమ్మకానికి పెట్టిన అదే రకం కొత్త బండిని చూపించాడు. "దీనికి మీకంటే ఎక్కువ ఉంది, చూడండి." చూశాను. నిజమే, నాలుగు నాణేలు దర్జాగా పడతాయి. నా మనసు తేలికపడింది. కృతజ్ఞతలు చెప్పి బయలుదేరి, మూడో సిగ్నలు దగ్గర ఎర్రలైటు పడ్డాక గాని నేను దేనికి కృతజ్ఞతలు చెప్పానో తట్టలేదు.

తమరి వంశం గొప్పది, కాదనను. ఆస్టిన్‌లో తయారయ్యే టెస్లా సైబర్‌ట్రక్కునే తీసుకోండి. 2023 ఆగస్టులో ఎలాన్ మస్క్ ఉద్యోగులకు రాసిన లేఖ బయటికి వచ్చింది. విడిభాగాల కొలతల్లో తేడా పది మైక్రాన్ల లోపే ఉండాలని, చవకైన లెగో ఇటుకలకూ శీతలపానీయాల డబ్బాలకూ సాధ్యమైనది మనకెందుకు కాదని దాని సారాంశం. వెంట్రుక మందం కూడా అంతకంటే ఎక్కువే. 2025 మార్చిలో 46,096 సైబర్‌ట్రక్కులను వెనక్కి పిలిచారు. పైకప్పు అంచున జిగురుతో అతికించిన ఉక్కు పట్టీ పరుగులో ఊడి పడిపోవచ్చని. దానికి ముందు 2024 ఏప్రిల్‌లో 3,878 బళ్లు వెనక్కి వెళ్లాయి. యాక్సిలరేటరు పెడలు మీది తొడుగు జారి ఇరుక్కుపోవచ్చు. కారణం, దాన్ని ఎక్కించేటప్పుడు సులువుగా ఉంటుందని సబ్బు వాడారు. సబ్బు! వేలికి బిగిసిన ఉంగరం తీయడానికి మా నాయనమ్మ వాడిన ఉపాయం అది. ఆవిడ తీయడానికే వాడింది.

టయోటా పేరు చెబితే తమరు జడుసుకుంటారని అనుకునేవాడిని. 2024 మేలో వాళ్లు కూడా టండ్రా పికప్‌లు, లెక్సస్‌లు కలిపి లక్షకు పైగా బళ్లను వెనక్కి పిలిచారు. ఇంజను భాగాలు కోసినప్పుడు రాలిన లోహపు పొట్టు శుభ్రం చేయకుండా ఇంజనులోనే మిగిలిపోయి ఉండవచ్చని. మా నాన్నగారు చిత్రిక పట్టాక పొట్టు ఊడ్చిన తర్వాతే కూలి డబ్బులు అడిగేవారు.

వాళ్లవి రీకాళ్లు. తమరికి ఆ గండమూ లేదు. రీకాల్ కావాలంటే భద్రతకు ముప్పు ఉండాలి. తమరు ఎవరినీ చంపరు. అలాంటి బళ్ల నుంచి కొనేవాడిని కాపాడే నిమ్మకాయ చట్టాలు యాభై రాష్ట్రాల్లోనూ ఉన్నాయి గాని, వాటి కింద బండి వాడకమో విలువో భద్రతో గణనీయంగా దెబ్బతినాలి. ఒకటిన్నర నాణెం తేడా గణనీయం కాదు. చట్టానికీ చట్టానికీ మధ్య కూడా ఒక సందు ఉంది, తమరు అందులో కాపురం పెట్టారు.

అసలు తమరి కులదైవం ఒక కోడి అని చెబితే మా నాన్నగారు నమ్మలేదు. అమెరికా కోళ్ల మీద ఐరోపా సుంకం పెంచిందన్న కోపంతో అమెరికా తిరిగి వేసిన సుంకాల్లో ఒకటి, బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం. అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం, 1964 నుంచి అమలు. ఆయనదీ టెక్సాసే. కోడి గొడవ ఎప్పుడో చల్లారింది, ట్రక్కు సుంకం మాత్రం అరవై ఏళ్లుగా గుడ్లు పెడుతూనే ఉంది. సముద్రం దాటి వచ్చిన పికప్ ఇక్కడ ఖరీదవుతుంది, పోటీకి వచ్చేవాళ్లు తక్కువ, లాభం లావు. కొనేవాడు కూడా నాలాంటివాడే. తలుపు మూసినప్పుడు వచ్చే బరువైన చప్పుడుకు పడిపోయి, మూసుకున్న తలుపును చూడటం మరచిపోయేవాడు.

వచ్చే మంగళవారం ఉదయం ఎనిమిదింటికి అయిదో అపాయింట్‌మెంట్. ఈసారి నాన్నగారిని ఫోనులో పెట్టి తీసుకువెళ్తున్నాను. అడ్వైజర్‌కు తెలుగు రాదు, నాన్నగారికి ఇంగ్లిషు రాదు. బందు మాత్రం ఇద్దరికీ కనబడుతుంది. తమరు కూడా తప్పక రావలెను.

ఇట్లు,
తమరి వాయిదాలు కట్టుకునే
విధేయుడు

తా.క. నిన్న రాత్రి చివరిసారిగా కొలుస్తూ, తలుపు అద్దం పక్కనున్న రబ్బరు పట్టీ కూడా వదులుగా ఉందేమోనని ఒక నాణెం ఆనించి చూశాను. వదులుగానే ఉంది. నాణెం లోపలికి పోయింది. తలుపు వేసిన ప్రతిసారీ అడుగున గలగలమంటోంది. ఉదయమే సర్వీసుకు ఫోన్ చేశాను. అది వారంటీలోకి రాదట.