34కి 34: మిగతా ఓట్లు ఎటు పోయినట్టు?

2024లో ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 34 అసెంబ్లీ స్థానాలూ కూటమే గెలిచింది. 2019లో ఇవే జిల్లాలు వైసీపీకి 27 ఇచ్చాయి. సీట్లు చూస్తే జనం మొత్తం మనసు మార్చేసుకున్నారని అనిపిస్తుంది. రాష్ట్ర ఓట్ల లెక్క అలా లేదు. 2019లో టీడీపీకి 39 శాతం పైచిలుకు ఓట్లొస్తే 23 సీట్లు దక్కాయి. 2024లో వైసీపీకీ 39 శాతం పైచిలుకే, సీట్లు మాత్రం 11. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే దామాషా ప్రకారమైతే 175లో ఆ వాటాకి 68 దాకా రావాలి.

2019లో జనసేనకు 5.5 శాతం ఓట్లొచ్చినా గెలిచింది రాజోలు ఒక్కటే. ‘ఓటు చీలనివ్వం’ అన్న మాట పుట్టింది ఈ భయంలోంచే. దాని ఫలితంగా పొత్తులో సీటు పోయిన చోట అయిదేళ్లు జెండా మోసినవాడికి ఈవీఎం మీద తన గుర్తే కనపడదు.

అలాగని నియోజకవర్గాలు ఎత్తేసి, ఓటు పార్టీకి వేస్తే ఆ పార్టీ రాసిచ్చిన పేర్ల వరుసలోంచి సభ్యులొచ్చేలా, అంతా పార్టీ జాబితాల మీద నడపమంటే నేను ఒప్పుకోను. శివారు భూములకు నీరందకపోయినా, తడిసిన ధాన్యం కొనకపోయినా రైతు వెళ్లేది ఎమ్మెల్యే ఇంటికే. జాబితాలో ఉన్న ఏ పేరు దగ్గరికి వెళ్తాడు? పైగా ఆ వరుస రాసేది పార్టీ అధినేత. మన పార్టీల సంగతి తెలిసిందే కదా, పైన ఎవరి పేర్లుంటాయో ఊహించుకోవచ్చు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం లాంటి ఎస్సీ స్థానాలకున్న హామీ జాబితాల్లో కరిగిపోకూడదు కూడా.

కాబట్టి కొందరిని నియోజకవర్గాల నుంచి, కొందరిని జాబితాల నుంచి తీసుకునే మిశ్రమ పద్ధతి మేలు. అందులోనూ తేడాలున్నాయి. నేపాల్లో 165 మందిని నియోజకవర్గాల నుంచి, 110 మందిని జాబితాల నుంచి విడివిడిగా ఎన్నుకుంటారు. ఇక్కడ అదే చేస్తే 34 గెలిచినవాళ్లే జాబితా సీట్లలోనూ పెద్ద వాటా పట్టుకుపోతారు. న్యూజిలాండ్ 1996 నుంచి వేరే దారి పట్టింది. అక్కడ నియోజకవర్గాల్లో నష్టపోయిన పార్టీకి జాబితా సీట్లతో లోటు పూడుస్తారు. గోదావరి జిల్లాలను ఒక యూనిట్‌గా తీసుకుని, ఉన్న 34కి మరో పది కలిపి ఇలా పంచితే ఓడిన పక్షానికీ ఇక్కడి నుంచి గొంతు ఉంటుంది. యూనిట్ రాష్ట్రమైతే ఆ పదీ ఎక్కడివాళ్లకి పోతాయో చెప్పలేం. అదనంగా 25 శాతం సీట్లు జాబితాలతో నింపాలని 1999లోనే లా కమిషన్ సిఫార్సు చేసింది.

1949 జనవరిలో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ దామాషాను వ్యతిరేకిస్తూ నిరక్షరాస్యత, ప్రభుత్వ స్థిరత్వం గురించి చెప్పారు. మొదటి కారణం ఇప్పుడు నిలవదు. ఇక్కడి పట్టభద్రులు ఎమ్మెల్సీ ఎన్నికల్లో 1, 2, 3 అని ప్రాధాన్యాలే రాస్తున్నారు, జాబితా ఓటు అంతకంటే తేలిక. రెండోది కొట్టిపారేయలేం, అందుకే జర్మనీలో లాగా 5 శాతం ఓట్లు రాని పార్టీకి జాబితా సీట్లు దక్కకుండా అడ్డుకట్ట ఉండాలి. అయినా 151 సీట్ల ప్రభుత్వానికీ, 164 సీట్ల ప్రభుత్వానికీ లోటు స్థిరత్వంలో లేదు, ఎదురుగా కూర్చునే సంఖ్యలో ఉంది. 11 మందితో ప్రతిపక్ష హోదా కూడా రాలేదు.

170వ అధికరణం ఎమ్మెల్యేలను ప్రాదేశిక నియోజకవర్గాల నుంచే ఎన్నుకోమంటుంది, కాబట్టి రాజ్యాంగ సవరణ తప్పదు. 1952లో రాజమండ్రి లోక్‌సభ స్థానం ఇద్దరు ఎంపీలను పంపింది, ఒక స్థానానికి ఒక్కరే అన్నది మొదటి నుంచీ ఉన్న నియమం కాదు. అసలు చిక్కు అడిగేవాడు లేకపోవడం. 2019లో 27 గెలిచినవాళ్లకి ఈ మార్పు అక్కర్లేదు, ఇప్పుడు 34 గెలిచినవాళ్లకీ అక్కర్లేదు. 2024లో ఓడినవాళ్లు ఎక్కువగా ఈవీఎంల గురించే మాట్లాడారు.